చెరువు నీరు పెడితే నేల పెచ్చు కడుతోంది, తప్పు నీటిదేనా?

చివరిమడి
డిసెంబరు 12, రాత్రి 9:10

నమస్కారం. మాది కడప జిల్లా. గొలుసుకట్టులో మూడో చెరువు, దాని ఆయకట్టులోనూ చివరి మడులు మావి. మూడెకరాలు, కాస్త జిగటగా ఉండే ఎర్రనేల. ఆరేళ్లుగా చెరువు నీరు మా దాకా రాలేదు. బోరు మీదే వేరుశనగ, టమాటా పండించాను. ఈసారి నవంబరు వానలకు చెరువు నిండి మరవ పారింది. ఆ సంతోషంలో రెండెకరాలకు చెరువు నీరు పెట్టి వేరుశనగ వేశాను. మిగిలిన ఎకరానికి కాలువ అందదు కనుక ఎప్పటిలాగే బోరు.

చెరువు నీరు పెట్టిన మడుల్లో నీరు రెండు రోజులు ఇంకకుండా నిలిచింది. ఆరిన తరువాత పైన అప్పడంలా పెచ్చు కట్టింది. తవ్వి చూస్తే మొలకలు దాని కింద మెలితిరిగి ఉన్నాయి. బోరు ఎకరంలో మాత్రం మొలక బాగుంది. పై చెరువులో పట్టణపు మురుగు కలుస్తోందని ఊళ్లో అందరూ అంటున్నారు. చెరువు నీరు చెడిపోయిందని రుజువు కావాలి. ఏ పరీక్ష చేయించాలి?

పెన్నుమీటరు
డిసెంబరు 12, రాత్రి 9:48

దీనికి పెద్ద పరీక్షలు అక్కర్లేదు. నీటిలో కరిగిన ఉప్పును బట్టి పెరిగే విద్యుత్ వాహకతను చూపే పెన్ను లాంటి మీటరు దొరుకుతుంది, కొనుక్కోండి. నీళ్లలో ముంచితే అంకె వస్తుంది. సెంటీమీటరుకు 700 మైక్రోసీమెన్స్ లోపు ఉంటే ఏ పంటకైనా పెట్టవచ్చు. 3,000 దాటితే ఆ నీటి జోలికి పోవద్దు. మధ్యలో ఉంటే పంటను చూసుకోవాలి: ఉల్లి, మొక్కజొన్న తట్టుకోలేవు, పత్తి తట్టుకుంటుంది, వరి, వేరుశనగ 2,000 దాకా ఓర్చుకుంటాయి. నేను పదేళ్లుగా ఈ పెన్నుతోనే నెట్టుకొస్తున్నాను.

నీరుగంటి మనవడు
డిసెంబరు 13, ఉదయం 6:05

మా తాత నీరుగంటి. తూము తెరిచే ముందు దోసెడు నీళ్లు నోట్లో పోసుకుని పుక్కిలించేవాడు. ఉప్పు ఉంటే నాలుకకు తెలుస్తుంది అనేవాడు. అయితే ఆయనే ఇంకో మాట కూడా అనేవాడు, సవుడు నాలుకకు దొరకదు, కుండలో దొరుకుతుంది అని.

చివరిమడి గారూ, ఒక చిన్న ప్రశ్న. మీ ఇంట్లో వంటకు ఆ బోరు నీళ్లే వాడతారా? అన్నం పచ్చబడుతుందా? పప్పు తొందరగా మెత్తబడుతుందా?

చివరిమడి
డిసెంబరు 13, ఉదయం 7:30

వాడతాం. అన్నం లేత పసుపు రంగుకు తిరుగుతుంది నిజమే, మా అమ్మ అది బియ్యం రకమనుకుంటోంది. పప్పు ఇట్టే ఉడుకుతుంది. స్నానం చేస్తే సబ్బు జిడ్డు వదలదు. కానీ నా ఫిర్యాదు చెరువు నీటి మీద కదా, బోరు గురించి ఎందుకు అడుగుతున్నారు?

పరీక్షనాళిక
డిసెంబరు 13, ఉదయం 10:20

నీరుగంటి గారి ప్రశ్న ఊరికే వేసింది కాదు. నేను భూసార ప్రయోగశాలలో చాలా ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేశాను. పచ్చబడిన అన్నం అంటే నీళ్లలో సోడా గుణం ఎక్కువని. ఇప్పుడే తీర్పు చెప్పను. రెండు నీళ్లూ పరీక్షకు పంపండి, కానీ నమూనా సరిగా తీయండి. చెడ్డ నమూనాకు మంచి పరీక్ష చేసి ప్రయోజనం లేదు.

చెరువు అంచున చెప్పులు విడిచి ముంచి తెచ్చిన సీసా వద్దు. అక్కడ నాచు, పశువుల మూత్రం, బట్టల సోడా అన్నీ ఉంటాయి. మీ పొలానికి వచ్చేది తూము నీరు, కనుక తూము తెరిచి కొంతసేపు పారిన తరువాత కాలువ మధ్యలో పట్టండి. బోరును పావుగంట నడిపించి ఆ తరువాత పట్టండి. అర లీటరు ప్లాస్టిక్ సీసాను అదే నీటితో మూడుసార్లు తొలిచి, గాలి మిగలకుండా నింపి, మూత బిగించి నీడలో ఉంచి, మరునాటికల్లా ప్రయోగశాలకు చేర్చండి. ఎండలో ఉంటే బైకార్బొనేటు మారిపోతుంది.

ఇంకొకటి, ఉదయం ఏడు లోపు తీయండి. నాచు పట్టిన చెరువులో మధ్యాహ్నం నాచు నీటిలోని బొగ్గుపులుసు వాయువును లాగేస్తుంది. అప్పుడు పీహెచ్ 9 దాటిపోతుంది. అదే చెరువు, అదే రోజు, తెల్లవారుజామున 8 లోపు ఉంటుంది. మధ్యాహ్నపు సీసా చూసి చెరువు చెడిపోయిందని నివేదిక రాసిన వాళ్లను చూశాను.

ఒండ్రుమట్టి
డిసెంబరు 13, సాయంత్రం 4:15

నీటి ఫలితం వచ్చేలోపు ఇంట్లోనే ఒక పరీక్ష చేయవచ్చు. చెరువు నీరు, బోరు నీరు వేరువేరు గాజు గ్లాసుల్లో పోయండి. మీ మడిలోని ఎండిన మట్టిపెళ్లను గోలీ అంత తీసి ఒక్కో గ్లాసులో మెల్లగా వదలండి. కలపవద్దు, కదపవద్దు. పెళ్ల చుట్టూ పాలలాంటి మబ్బు కమ్మితే ఆ మట్టిలో బంక విడిపోతోందని అర్థం. ఊరికే విరిగి అడుగున పడి నీరు తేటగా ఉంటే భయం లేదు.

ఏటా చెరువు నీరు మాత్రమే పారిన పొలం మట్టి కూడా ఒక పెళ్ల తెచ్చి అదే చెరువు నీటిలో వేయండి. అది మరిచిపోవద్దు.

చివరిమడి
డిసెంబరు 15, ఉదయం 8:00

పెన్ను మీటరు మా బావమరిది దగ్గర దొరికింది. చెరువు నీరు 420. బోరు నీరు 1,050. అంటే చెరువు నీరే మంచిదా? మరి పొలం ఎందుకు ఇలా ఉంది?

గ్లాసుల సంగతి ఇంకా విచిత్రం. నా మట్టి చెరువు నీటిలో అరగంటకే మబ్బు పట్టింది, తెల్లారేసరికి గ్లాసంతా మజ్జిగలా ఉంది. అదే మట్టి బోరు నీటిలో విరిగింది కానీ నీరు చాలావరకు తేటగానే ఉంది. తూము పక్కన మా పెదనాన్న మడి మట్టి చెరువు నీటిలో వేశాను. అది అలాగే కూర్చుంది, మబ్బు లేదు. ఆయన ఏనాడూ బోరు వాడలేదు.

ఊళ్లో ఈ మూడు గ్లాసులూ చూపిస్తే, చెరువు నీరు నీ మట్టిని కరిగిస్తోంది, ఇంకేం రుజువు కావాలి అన్నారు.

ఒండ్రుమట్టి
డిసెంబరు 15, ఉదయం 8:40

చెరువు నీటికే ఆ గుణం ఉంటే మీ పెదనాన్న గారి మట్టి కూడా కరగాలి కదా!

పరీక్షనాళిక
డిసెంబరు 15, ఉదయం 11:05

అదే అసలు విషయం. బంకమట్టి రేణువులకు అంటుకుని సున్నపు ధాతువు, అంటే కాల్షియం ఉన్నంతకాలం అవి గుంపుగా ఉంటాయి. ఆ చోట సోడియం చేరితే విడిపోవాలని చూస్తాయి. అయినా నీటిలో కొంత ఉప్పు ఉంటే ఆ ఉప్పే వాటిని నొక్కి పట్టి ఉంచుతుంది. మీ బోరు నీరు ఏటేటా సోడియం ఎక్కిస్తూ, తనలోని ఉప్పుతో ఆ జబ్బును కప్పిపెట్టింది. ఉప్పు తక్కువ ఉన్న చెరువు నీరు రాగానే ఆ పట్టు వదిలింది. బంక విడిపోయి సందులన్నీ పూడ్చేసింది. పెద్ద వాన కురిసినా ఇదే జరుగుతుంది. గుర్తు చేసుకోండి, మొదటి వానలకు ఆ మడుల్లో నీరు ఎర్రగా నిలిచేదా?

చెరువు మీ పొలంలో జబ్బు పెట్టలేదు. ఉన్న జబ్బును బయటపెట్టింది. నీటి ఫలితం వచ్చాక లెక్కతో చూద్దాం.

పెన్నుమీటరు
డిసెంబరు 15, మధ్యాహ్నం 1:30

1,050 అంకె కాస్త ఎక్కువే కానీ వేరుశనగకు అది లెక్క కాదు. ఆ నీటితో ఆరేళ్లు పంట తీశారు కూడా. ఎక్కడో లెక్క తప్పుతోంది.

చివరిమడి
డిసెంబరు 24, సాయంత్రం 6:20

మొదటి వానలకు నీరు నిలిచేది, నిజమే. వాన గట్టిగా కురిసిందనుకునేవాణ్ణి.

ఫలితాలు వచ్చాయి. బోరు, లీటరుకు మిల్లీగ్రాముల్లో: కాల్షియం 24, మెగ్నీషియం 22, సోడియం 170, కార్బొనేటు 18, బైకార్బొనేటు 390, క్లోరైడు 99, సల్ఫేటు 34. అవశేష సోడియం కార్బొనేటు లెక్క మాత్రం వాళ్లు వేయలేదు. కార్బొనేటు, బైకార్బొనేటు కూడి అందులోంచి కాల్షియం, మెగ్నీషియం తీసేయాలని చదివి నేనే వేశాను. 362 వచ్చింది. 2.5 దాటితే పనికిరాదని రాసి ఉంది. నా బోరు విషమా? నిన్నటి నుంచి ఆ నీళ్లు తాగడం మానేశాం.

పరీక్షనాళిక
డిసెంబరు 24, రాత్రి 7:05

కంగారు పడకండి. తాగునీటి లెక్కలు వేరు, ఇది పొలం లెక్క. 362 అన్నది మిల్లీగ్రాములను అలాగే కూడి తీసేసినందువల్ల వచ్చింది. అందరూ చేసే పొరపాటే. ముందుగా ప్రతిదాన్నీ దాని తుల్యభారంతో భాగించాలి: కాల్షియానికి 20, మెగ్నీషియానికి 12.2, సోడియానికి 23, కార్బొనేటుకు 30, బైకార్బొనేటుకు 61, క్లోరైడుకు 35.5, సల్ఫేటుకు 48. అప్పుడు వచ్చేవి లీటరుకు మిల్లీ ఈక్వివలెంట్లు.

మీ బోరు: కాల్షియం 1.2, మెగ్నీషియం 1.8, సోడియం 7.4, కార్బొనేటు 0.6, బైకార్బొనేటు 6.4, క్లోరైడు 2.8, సల్ఫేటు 0.7. మొదటి మూడూ ఒకవైపు, మొత్తం 10.4; మిగిలిన నాలుగూ రెండోవైపు, 10.5. రెండూ దాదాపు సమానం, పైగా వందతో హెచ్చిస్తే మీ పెన్ను చూపిన 1,050కి దగ్గర. కనుక ప్రయోగశాల సరిగానే చేసింది. ఈ తూకం కుదరని నివేదిక వస్తే వెనక్కి పంపేయండి.

ఇక అవశేషం: 0.6, 6.4 కలిపి 7.0. అందులో 1.2, 1.8 తీస్తే మిగిలింది 4.0. 1.25 లోపు మంచిది, 2.5 దాటితే సేద్యానికి తగదు అన్నది పాత అమెరికా కొలత. మన భారతీయ ప్రమాణాల సంస్థ 1986 నాటి మార్గదర్శకాల్లో 1.5, 3, 6 గీతలు గీసింది, దాని ప్రకారం 4.0 అంటే ‘ఎక్కువ’ వరుస. ఏ గీత చూసినా మీ బోరు అవతల పక్కనే ఉంది.

పెన్నుమీటరు
డిసెంబరు 24, రాత్రి 8:15

సోడియం శోషణ నిష్పత్తి, అంటే కాల్షియం, మెగ్నీషియంతో పోలిస్తే సోడియం ఎంతో, అది కూడా వేసి చూశాను. కాల్షియం, మెగ్నీషియం సగటు 1.5, దాని వర్గమూలం 1.22. 7.4ను దానితో భాగిస్తే 6. పది లోపు ఉంటే తక్కువ ప్రమాదం అని మామూలుగా చెబుతారు. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సేద్యపు నీటికి 26 దాకా ఒప్పుకుంటుంది, వాహకత 2,250 దాకా ఒప్పుకుంటుంది. ఆ ప్రకారం ఈ బోరు దర్జాగా పాసైంది. మరి ఎవరి మాట నమ్మాలి?

పరీక్షనాళిక
డిసెంబరు 24, రాత్రి 9:00

ఆ నిష్పత్తి సీసాలో ఉన్న నీటికి. పొలంలో నీరు ఆరే కొద్దీ బైకార్బొనేటు కాల్షియాన్ని సున్నపురాయిగా మార్చి కింద పడేస్తుంది. సోడియం మాత్రం ఎక్కడికీ పోదు. భాగహారంలో కింద ఉన్న సంఖ్య కరిగిపోతుంటే ఆరు కాస్తా పెరుగుతూ పోతుంది. ఎంత సున్నం పడిపోగలదో ముందుగా చెప్పేదే అవశేష సోడియం కార్బొనేటు. గట్టిరాతి ప్రాంతాల బోర్లకు అది చూడకుండా తీర్పు చెప్పకూడదు. మీ పెన్ను ఉప్పు ఎంతో చెబుతుంది, ఏ ఉప్పో చెప్పదు.

పెన్నుమీటరు
డిసెంబరు 24, రాత్రి 9:12

ఒప్పుకున్నాను. రేపు మా బోరు నీళ్లూ సీసాలో పట్టిస్తాను. మా ఇంట్లోనూ పప్పు తొందరగానే ఉడుకుతుంది.

మత్తడి కింద
డిసెంబరు 25, ఉదయం 7:50

వరంగల్ వైపు నుంచి. మీరు మరవ అంటారు, కోస్తాలో అలుగు అంటారు, మాకు మత్తడి.

చెరువు నీటికి ఏడాదంతా ఒకే అంకె ఉండదు. ఒక్క సీసాతో చెరువు మంచిది, చెడ్డది అనకండి. అక్టోబరులో మత్తడి దూకేటప్పుడు తీసినది వాన నీళ్లకు దగ్గర. ఏప్రిల్‌లో అడుగున మిగిలినది వేరే నీరు. మేము క్లోరైడును గుర్తుగా పెట్టుకుంటాం, ఎందుకంటే అది ఎక్కడా రాలిపోదు. మా చెరువులో ఒక ఏడాది అక్టోబరులో 1.2 మిల్లీ ఈక్వివలెంట్లు ఉన్నది ఏప్రిల్‌కు 2.5 అయింది. తూము గుండా పోయిన నీరు తన ఉప్పును తనతోనే తీసుకుపోతుంది, దానివల్ల చిక్కబడదు. చిక్కబరిచేది ఎండ ఒక్కటే. అదే కాలంలో బైకార్బొనేటు మాత్రం రెట్టింపు కాలేదు, సున్నం కొంత చెరువు అడుగునే దిగిపోయింది.

ఇంకో సంగతి, గొలుసుకట్టులో కింది చెరువుకు వచ్చేది పై చెరువు మత్తడి నీరు మాత్రమే కాదు, పై ఆయకట్టు మడుల నుంచి కారిన మురుగు నీరు కూడా. ప్రతి మెట్టుకూ కాస్త ఉప్పు పెరుగుతుంది. కనుక పై చెరువు నివేదిక తెచ్చి కింది చెరువుకు అంటించవద్దు.

నీరుగంటి మనవడు
డిసెంబరు 25, ఉదయం 9:30

కడప జిల్లా అన్నారు కనుక ఒక మాట. పోరుమామిళ్ల చెరువు మీ జిల్లాదే. 1369 నాటి శాసనంలో చెరువుకు పన్నెండు సాధనాలు, ఆరు దోషాలు చెప్పారు. తీపి నీరు తెచ్చే నది సాధనాల్లో ఒకటి, చౌటి నేల దోషాల్లో ఒకటి. అంటే నీటి గుణమూ నేల గుణమూ రెండూ చూసుకునే కట్ట వేశారు. వెయ్యి మంది మనుషులు, వంద బండ్లు, రెండేళ్ల పని అని కూడా అందులోనే ఉంది. 2020లో దానికీ కంభం చెరువుకూ ప్రపంచ వారసత్వ సేద్యపు కట్టడాల గుర్తింపు వచ్చింది. గుర్తింపు ఫలకం పెట్టాం, తూము దగ్గర నీటి పరీక్ష మాత్రం ఎవరికీ పట్టలేదు. నా ఉక్రోషం అది.

చివరిమడి
డిసెంబరు 25, రాత్రి 8:40

చెరువు నీటి ఫలితం పెట్టడం మరిచాను. మిల్లీ ఈక్వివలెంట్లలోకి నేనే మార్చాను, ఈసారి సరిగానే చేశాననుకుంటున్నాను. కాల్షియం 1.6, మెగ్నీషియం 1.2, సోడియం 1.4, బైకార్బొనేటు 2.7, కార్బొనేటు లేదు, క్లోరైడు 1.2. అవశేషం సున్నా కంటే కింద, మైనస్ 0.1.

అయితే మురుగు సంగతి ఉత్తదేనా? పై చెరువు మీద గుర్రపు డెక్క అల్లుకుని ఉంది. మా పెదనాన్న వరి ఈ ఏడు నల్లగా ఏపుగా పెరిగి పడిపోయింది.

ఒండ్రుమట్టి
డిసెంబరు 26, ఉదయం 6:45

ఉత్తది కాదు. మీరు చేయించిన పరీక్షలో నత్రజని లేదు, కనుక అది కనబడలేదు. నీటిలో లీటరుకు 10 మిల్లీగ్రాముల నత్రజని ఉందనుకోండి, చూడటానికి చిన్న అంకె. వరికి పంటకాలమంతా కలిపి మీటరు లోతు నీరు పెడితే ఎకరాకు దాదాపు 4,050 ఘనపు మీటర్లు. అంటే 40 కిలోల నత్రజని యూరియా బస్తా ముట్టకుండానే పొలంలోకి వచ్చింది. అందులో కొంత గాలిలో కలుస్తుంది, అయినా పైన మామూలు మోతాదు వేస్తే వరి పడిపోతుంది, అగ్గితెగులు, సుడిదోమ వెంట వస్తాయి. మీ పెదనాన్న గారికి నీటిలో నత్రజని పరీక్ష చేయించి యూరియా తగ్గించమనండి.

ఆ నీటితో కొత్తిమీర, పాలకూర పండించి పచ్చిగా తినేవాళ్లకు అమ్మేవారు మాత్రం సూక్ష్మజీవుల పరీక్ష కూడా చేయించాలి. పచ్చిగా తినే కూరలకు 100 మిల్లీలీటర్లలో వెయ్యి మలకోలిఫారాలు (మలం కలిసిందని చూపే సూక్ష్మజీవులు) మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లో గీత గీసింది.

నిర్వాహకులు
డిసెంబరు 26, ఉదయం 9:00

పట్టణం పేరు, అధికారుల పేర్లు రాసిన రెండు సందేశాలు తీసేశాం. అంకెలు ఉంటే పెట్టండి, తిట్లు వద్దు.

చివరిమడి
డిసెంబరు 28, రాత్రి 7:15

మట్టి పరీక్ష కూడా వచ్చింది. పీహెచ్ 9.1, మార్పిడి సోడియం (బంకమట్టికి అంటుకున్న ధాతువుల్లో సోడియం వాటా) 22 శాతం. కారు చౌడు మొదలైందని రాశారు. ఎకరాకు టన్నున్నర జిప్సం అన్నారు. బోరు మానేయడం కుదరదు, మార్చికి చెరువు అడుగంటుతుంది. ఏం చేయాలి?

పరీక్షనాళిక
డిసెంబరు 28, రాత్రి 8:30

15 శాతం దాటితే చౌడు కిందే లెక్క. ముదరక ముందే దొరికింది. జిప్సం వేసి పై నాలుగు అంగుళాల మట్టిలో కలిపి, దాని మీద మంచి నీరు నిలగట్టి, కిందికి దింపాలి. ఆ మంచి నీరు ఏదనుకున్నారు? మీరు నిందించిన చెరువు నీరే. చెరువు నిండి ఉన్న ఏడాదే దీనికి అదను. నీరు బయటికి పోయే దారి లేకపోతే మాత్రం జిప్సం దండగ, ముందు మురుగు కాలువ తీయండి. ఆ తరువాత జీలుగ చల్లి పూత దశలో కలియదున్నండి.

బోరు నీటిని చెరువు నీటితో కలిపి వాడితే: సగం సగం కలిపితే అవశేషం 4.0 నుంచి 1.95కు దిగుతుంది. ఒక వంతు బోరు, రెండు వంతులు చెరువు అయితే 1.27. చెరువు ఉన్నన్నాళ్లు అలా నడపండి.

చెరువు ఎండాక బోరు ఒక్కటే దిక్కు అయితే, ఒక్కో మిల్లీ ఈక్వివలెంటు తగ్గించడానికి వెయ్యి ఘనపు మీటర్లకు 86 కిలోల శుద్ధ జిప్సం కావాలి. నాలుగును ఒకటిన్నరకు దించాలంటే, ఎకరాకు ఐదు సెంటీమీటర్ల తడికి సుమారు 43 కిలోలు. సంచిలో దొరికేది 70 శాతం శుద్ధి అయితే 62 కిలోలు. తొట్టిలో జిప్సం గడ్డలు పరిచి నీటిని వాటి మీదుగా పారించే పద్ధతి కూడా ఉంది.

పెన్నుమీటరు
డిసెంబరు 29, ఉదయం 6:30

మా బోరు ఫలితం: వాహకత 880, అవశేషం 3.1. ఇక్కడ పదేళ్లు పెన్ను పట్టుకుని అందరికీ సలహాలు ఇచ్చినవాణ్ణి నేనే. పాత సందేశాల్లో చూసిన వాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి పరీక్ష చేయించుకోండి.

చివరిమడి
జనవరి 3, ఉదయం 7:00

వేరుశనగ ఊడల దశలో వేద్దామని తెచ్చిన జిప్సం బస్తా ఇంట్లోనే ఉంది. ఒండ్రుమట్టి గారి గ్లాసు మళ్లీ పెట్టాను, ఈసారి చెరువు నీటిలో చిటికెడు జిప్సం కలిపి నా మట్టిపెళ్ల వేశాను. రాత్రంతా అయింది, నీరు తేటగా ఉంది. పక్కన జిప్సం లేని గ్లాసు మజ్జిగలా ఉంది. రెండూ అరుగు మీద పెట్టాను, దారిన పోయేవాళ్లు చూస్తారని.

మా పెదనాన్న చూసి, అంతా బాగానే ఉంది కానీ పై చెరువు మురుగు సంగతి ఎప్పుడు తేలుస్తావు అన్నాడు. ఆయన మాటలోనూ సగం నిజం ఉంది కదా, సోమవారం తూము దగ్గర సీసా పట్టి నత్రజని పరీక్షకు పంపుతున్నాను. మొలకెత్తని రెండెకరాలు దున్నేసి, కింది గట్టు వెంట మురుగు కాలువ తవ్విస్తున్నాను. బోరు ఎకరం కాయ కోశాక అక్కడా జిప్సం.